ఫోన్ వాడటంలో దిట్టలు, అది ఎలా పనిచేస్తుందంటే చెప్పలేరు: హైస్కూలు పిల్లలకు ఎక్కడి నుంచి మొదలుపెట్టాలి?

బడిబల్ల
నగరంలోని ఒక ప్రభుత్వ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెబుతాను. మొన్న తొమ్మిదో తరగతి పిల్లలకు ఒక పని ఇచ్చాను. "కూకట్‌పల్లిలో ఉన్న మీ పిన్నికి వాట్సాప్‌లో ఫొటో పంపారు. అది మీ ఫోన్ నుంచి పిన్ని ఫోన్‌కి ఏ దారిన వెళ్లిందో బొమ్మ గీయండి" అన్నాను.

కాగితాలు చూస్తే సగానికి పైగా పిల్లలు పైన ఒక ఉపగ్రహం గీసి, ఫోన్ నుంచి దానికి ఒక బాణం, దాని నుంచి పిన్ని ఫోన్‌కి ఇంకో బాణం పెట్టారు. టవర్ గీసినవాళ్లు కూడా టవర్ మీద నుంచి మళ్లీ ఉపగ్రహానికే పంపారు. ఒక్క బొమ్మలోనూ వైరు లేదు. ఒకమ్మాయి మాత్రం మధ్యలో పెద్ద డబ్బా గీసి లోపల "గూగుల్" అని రాసింది.

తెలివితక్కువ పిల్లలేం కాదు. ఇంట్లో కరెంటు బిల్లు కట్టడం, గ్యాస్ బుక్ చేయడం, నాన్నకు డ్యూటీ యాప్‌లో లాగిన్ చేసి ఇవ్వడం అన్నీ వీళ్లే. స్టాఫ్‌రూమ్‌లో ఎవరి ఫోన్‌కి ఏమొచ్చినా పిలిచేది వీళ్లనే. లోపల ఏం జరుగుతోందని అడిగితే మాత్రం అక్కడితో ఆగిపోతున్నారు. ఒక అబ్బాయి లేచి "పనిచేస్తోంది కదా మేడం, ఎట్ల పనిచేస్తదో తెలిసి ఏం చేస్తం?" అన్నాడు. పొగరుగా అనలేదు, నిజంగానే అడిగాడు.

వారానికి ఒక పీరియడ్ నా చేతిలో ఉంది. ఎక్కడి నుంచి మొదలుపెడితే వాళ్లకు పట్టుబడుతుంది? మీ ఇళ్లలో పిల్లల సంగతి ఎలా ఉంది?

గణకం
ఆ అబ్బాయి అడిగింది సబబుగానే ఉంది. గచ్చిబౌలిలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం నాది, రోజంతా సర్వర్లతోనే పని. అయినా ఫోన్‌లో రేడియో భాగం ఎలా పనిచేస్తుందో నన్నడిగితే పూర్తిగా చెప్పలేను. బండి నడిపే ప్రతివాళ్లకీ ఇంజిన్ విప్పడం రావాలా? హైస్కూల్లో వాడకం బాగా వస్తే చాలు. మిగతాది ఇంజినీరింగ్‌లో చేరేవాళ్లు అక్కడ నేర్చుకుంటారు.

ల్యాబ్_అసిస్టెంట్
గణకం గారూ, ఇంజినీరింగ్‌లో చేరాక ఏమవుతుందో నేను రోజూ చూస్తున్నాను. ఘట్‌కేసర్ వైపు ఒక కాలేజీలో ఫస్టియర్ ప్రోగ్రామింగ్ ల్యాబ్ నాది. ప్రోగ్రాం రాస్తారు, నడుస్తుంది. "ఫైల్ ఎక్కడ సేవ్ చేశావమ్మా" అంటే "కంప్యూటర్లో సార్" అంటారు. ఏ ఫోల్డర్లో అంటే బిక్కమొహం వేస్తారు. కిందటి వారం రాసిన ప్రోగ్రాం దొరక్క మళ్లీ మొదటి నుంచి టైపు చేసేవాళ్లు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. ఫైల్ మెయిల్ చేయమంటే స్క్రీన్‌ని ఫోన్‌తో ఫొటో తీసి పంపుతారు.

తప్పు వాళ్లదని నేననను. చిన్నప్పటి నుంచి చేతిలో ఉన్నది ఫోన్. ఫొటో గ్యాలరీలో కనిపిస్తుంది, పాట ప్లేయర్లో కనిపిస్తుంది. వాటి వెనక ఫోల్డర్లు ఉన్నాయన్న సంగతి ఫోన్ బయటపెట్టదు. అది పద్దెనిమిదేళ్ల వయసులో, సెమిస్టర్ పరీక్షల టెన్షన్ మధ్యలో మొదలుపెట్టి నేర్చుకోవాలంటే చాలా కష్టపడుతున్నారు.

బుల్లిబుల్లి
"గూగుల్" డబ్బా గీసిన అమ్మాయికి సగం మార్కులైనా వేయండి మేడం. మధ్యలో ఎవరిదో ఒక కంప్యూటర్ ఉండాలని ఆ ఒక్కతే కనిపెట్టింది. కంపెనీ పేరు ఒక్కటే మారింది, వాట్సాప్ మెటా వాళ్లది.

బడిబల్ల
బుల్లిబుల్లి గారూ, వేశాను. క్లాసు మొత్తంలో అసలు దారికి దగ్గరగా వచ్చింది తనే.

వైరుమనిషి
ఫైబర్ లైన్ పని చేస్తాను. ఉప్పల్, రామంతాపూర్, హబ్సిగూడ నా ఏరియా. ఒక్క బొమ్మలోనూ వైరు లేదంటే నాకు కష్టంగానే అనిపించింది. ఎండలో మేం స్తంభాలెక్కేది ఆ వైరు కోసమే.

2025 ఆగస్టు గుర్తుందా? రామంతాపూర్‌లో కృష్ణాష్టమి ఊరేగింపులో కరెంటు తగిలి ప్రాణాలు పోయాక, నగరంలో కరెంటు స్తంభాల మీద వేలాడే కేబుళ్లు కత్తిరించారు. చాలా కాలనీల్లో ఇంటర్నెట్ పోయింది. నేను లైన్లు మళ్లీ కలుపుతుంటే చుట్టూ చేరినవాళ్లలో ఎక్కువ మంది బడిపిల్లలే. "అన్నా, మాది వైఫై కదా, వైరు తెగితే దానికేమైంది?" అని అడిగారు. వాళ్ల లెక్కలో వైఫై అంటే గాలిలో ఎక్కడి నుంచో వచ్చేది. గోడకున్న డబ్బా దాకా వచ్చేది గాజు తీగ, డబ్బా నుంచి ఫోన్ దాకా ఉన్న నాలుగు గజాలే గాలి అని చూపించాను. తెగిన కేబుల్ ముక్కలో నుంచి తీగ బయటికి లాగి, ఒక కొసన ఫోన్ టార్చ్ పెడితే రెండో కొసన చిన్న వెలుగు చుక్క కనిపిస్తుంది. పిల్లలు టార్చ్‌కి వేలు అడ్డం పెట్టి తీసి చూసుకున్నారు. వాళ్లకిక వేరే పాఠం అక్కర్లేదు.

మేడం అడిగిన బొమ్మకు దారి ఇదీ. ఫోన్ నుంచి దగ్గర్లోని టవర్ దాకా రేడియో తరంగాలు. టవర్ నుంచి కొన్ని చోట్ల భూమిలోని ఫైబర్, మిగతా చోట్ల ఎదురుగా ఉన్న టవర్‌కి డిష్ ద్వారా. అక్కడి నుంచి కంపెనీ ఎక్స్ఛేంజీ, ఆ తర్వాత వాట్సాప్ సర్వర్, అంటే వాళ్ల కంప్యూటర్. అది మన ఊళ్లో ఉండాలని లేదు, మన దేశంలో ఉండాలని కూడా లేదు. మళ్లీ అలాగే వెనక్కి వచ్చి కూకట్‌పల్లి టవర్, పిన్ని ఫోన్. దేశం దాటినా సముద్రం అడుగున వేసిన కేబుళ్లే దారి. ఖండాల మధ్య తిరిగే డేటాలో 95 శాతానికి పైగా వాటిలోనే వెళ్తుంది. మన దగ్గర అవి ముంబయి, చెన్నై, కొచ్చి లాంటి చోట్ల ఒడ్డెక్కుతాయి. అక్కడి నుంచి హైదరాబాద్ దాకా నేలలో పాతిన ఫైబర్.

బుల్లిబుల్లి
అన్నా, స్టార్‌లింక్ సంగతేంటి మరి?

వైరుమనిషి
అది నిజంగానే ఉపగ్రహం మీద నడిచే ఇంటర్నెట్. దానికి ఇంటి మీద ప్రత్యేకంగా డిష్ బిగించుకోవాలి. పిన్ని వాళ్ల ఇంట్లో అది ఉందని మేడం చెప్పలేదు.

మల్కాజిగిరి_అమ్మ
మావాడు తొమ్మిదో తరగతే, ప్రైవేటు స్కూల్లో. వాడిదీ ఉపగ్రహం జట్టే. శ్రీశైలం వెళ్తుంటే నల్లమలలో సిగ్నల్ పూర్తిగా పోయింది. అయినా మ్యాప్‌లో నీలం చుక్క మాతో పాటు కదులుతూనే ఉంది. "చూశావా మమ్మీ, సిగ్నల్ లేకపోయినా నెట్ పైనుంచి వస్తోంది" అన్నాడు. నాకు జవాబు తెలియదు. మరి నెట్ ఉంటే వాట్సాప్ ఎందుకు వెళ్లట్లేదురా అంటే వాడూ ఆలోచనలో పడ్డాడు.

బడిబల్ల
అక్కా, మీరు అడిగిన ప్రశ్న చాలా మంచిది, పాఠం అక్కడే ఉంది. జీపీఎస్ ఉపగ్రహాలు దాదాపు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరుగుతూ "నేను ఫలానా చోట ఉన్నాను, ఇప్పుడు టైము ఇంత" అని ఎప్పుడూ ప్రసారం చేస్తూనే ఉంటాయి. మన ఫోన్ వినడమే తప్ప వాటికి తిరిగి ఏమీ పంపదు. కనీసం నాలుగు ఉపగ్రహాల సంకేతాలు అందితే, ఏది ఎంత ఆలస్యంగా చేరిందో లెక్కేసి మనమెక్కడున్నామో తేలుస్తుంది. దీనికి నెట్ అక్కర్లేదు. రోడ్లు, ఊళ్ల పేర్లు చూపించే మ్యాప్ బొమ్మకే నెట్ కావాలి. అది ముందే ఫోన్‌లోకి దిగి ఉంటే అడవిలోనూ కనిపిస్తుంది. ఈసారి వెళ్తే ఫ్లైట్ మోడ్ పెట్టి చూడమనండి, చుక్క కదులుతూనే ఉంటుంది.

ఇది రాస్తుంటే నాకింకోటి తట్టింది. 2020 సెప్టెంబరులో బడులు మూసి ఉన్నప్పుడు మా పిల్లలకు పాఠాలు టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి ఛానళ్లలో వచ్చాయి. అవి నిజంగానే ఉపగ్రహం మీదుగా వచ్చినవి. ఇంటి మీద డిష్, ఇస్రో ప్రయోగాలు, మ్యాప్‌లో చుక్క, అన్నీ కలిసి పిల్లల మనసులో ఒకే ఉపగ్రహం అయ్యాయి. వాళ్లు ఊరికే ఊహించలేదు, చూసినవాటిని బట్టే గీశారు.

టెన్త్_బి_సెక్షన్
నేను పదో తరగతి. పెద్దవాళ్ల మధ్యలో మాట్లాడుతున్నాను, ఏమనుకోకండి. మాకేమీ తెలియదన్నట్టు రాస్తున్నారు, అది కరెక్ట్ కాదు.

రీల్స్‌లో ఏదైనా వీడియో దగ్గర కాసేపు ఆగితే చాలు, లైక్ కొట్టకపోయినా అలాంటివే వరసగా వస్తాయి. ఇది మాకు ఎవరూ చెప్పలేదు, చూసి కనిపెట్టాం. అందుకే నేను చదువు వీడియోలకు వేరే అకౌంట్ పెట్టుకున్నాను. అందులో సినిమా క్లిప్ వస్తే చూడకుండా పైకి తోసేస్తాను. మా తమ్ముడి మీద కోపం వస్తే వాడి అకౌంట్లో పసిపిల్లల రైమ్స్ ఆడిస్తాను, రెండు రోజులు వాడికి అవే వస్తాయి. మా అమ్మకి ఇవేమీ తెలియదు, "అందరికీ ఇవే వస్తాయి కాబోలు" అనుకుంటుంది.

మార్చి చూసి తేల్చుకోగలిగింది మేం తేల్చుకుంటాం. సర్వర్‌ని, సముద్రంలో కేబుల్‌ని ఎలా చూస్తాం? అవి ఎవరో ఒకరు చూపించాలి కదా. సంపూర్ణాంతర పరావర్తనం పాఠంలో ఆప్టికల్ ఫైబర్ గురించి చదివి పరీక్షలో రాశాను, మార్కులూ వచ్చాయి. మా వీధిలో స్తంభానికి వేలాడే నల్ల వైరు లోపల ఉన్నది అదేనని వైరుమనిషి అన్న రాసింది చదివాకే తెలిసింది.

ల్యాబ్_అసిస్టెంట్
చివరి రెండు వాక్యాలు పాఠ్యపుస్తకాలు తయారుచేసే ఎస్‌సీఈఆర్టీ గోడ మీద రాయించాలి.

బడిబల్ల
నువ్వన్నది నూటికి నూరుపాళ్లు నిజం తల్లీ. ఇక్కడ ఇంత మంది పెద్దవాళ్లం రాసినదాంట్లో లేని మాట నువ్వు చెప్పావు.

గణకం
రీల్స్ సంగతి బాగా పట్టుకుందీ అమ్మాయి, మా టీమ్‌లో కొత్తగా చేరినవాళ్లు కూడా ఇంత బాగా చెప్పలేరు. అయితే ఒకటి అడుగుతాను. బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో పెట్టుకుంటే నువ్వు చూసేది ఎవరికీ తెలియదనుకుంటారా మీ క్లాసులో?

టెన్త్_బి_సెక్షన్
అందరూ అలాగే అనుకుంటారు సార్. కాదా?

గణకం
కాదమ్మా. నీ ఫోన్‌లోని బ్రౌజర్ హిస్టరీలో మిగలదు, అంతే. నువ్వు వెళ్లిన వెబ్‌సైట్‌కి నువ్వొచ్చినట్టు తెలుసు. ఏ సైట్లకు వెళ్లావో నెట్ ఇచ్చే కంపెనీకి తెలుస్తుంది. స్కూల్ వైఫై అయితే దాన్ని చూసుకునేవాళ్లకూ తెలియొచ్చు. లాగిన్ అయితే ఇక చెప్పక్కర్లేదు.

కిరాణా_బాబాయ్
కాచిగూడలో కిరాణా కొట్టు నాది. సర్వర్లు, కేబుళ్లు నాకు తెలియవు కానీ డబ్బు దగ్గర పిల్లలు ఎక్కడ బోల్తా పడుతున్నారో తెలుసు.

సాయంత్రం కొట్టుకి వచ్చేవాళ్లలో బడిపిల్లలే ఎక్కువ. స్కాన్ చేస్తారు, ఫోన్‌లో పచ్చటి టిక్ చూపించి వెళ్లబోతారు. నా సౌండ్ బాక్స్ పలకలేదు, ఆగమంటే "నా ఫోన్ చెప్పింది కదా అంకుల్" అంటారు. అబద్ధమాడేవాళ్లు కారు. బాక్స్‌తో మాట్లాడేది తమ ఫోనే అని వాళ్ల నమ్మకం. బాక్స్‌లో వేరే సిమ్ ఉంటుంది బాబూ, బ్యాంకు వైపు నుంచి కబురొస్తేనే పలుకుతుంది అని తిప్పి చూపిస్తాను.

మా బావమరిది కొడుకు పదో తరగతి. పాత సైకిల్ అమ్ముతానని ఆన్‌లైన్‌లో పెట్టాడు. కొంటానన్నవాడు ఒక క్యూఆర్ పంపి "ఇది స్కాన్ చేసి పిన్ కొట్టు, డబ్బు నీకు పడుతుంది" అన్నాడు. వాడు వాళ్లమ్మ ఫోన్‌లో కొట్టేశాడు. ఆమె చీటీ కట్టాల్సిన డబ్బంతా పోయింది. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేసి ఫిర్యాదు ఇచ్చాం, డబ్బు ఇంకా రాలేదు. వాడు పది మందికి ఫోన్ సెట్టింగులు చేసిపెట్టే పిల్లాడు. ఆ రోజు రాత్రి అన్నం తినలేదు.

గణకం
బాబాయ్, చదివి బాధేసింది. యూపీఐ నడిచే తీరు ఇక్కడ రాస్తాను, పిల్లలకు చూపించండి. క్యూఆర్‌లో మంత్రమేమీ లేదు. డబ్బు ఎవరికి పోవాలో ఆ యూపీఐ ఐడీ, పేరు, ఒక్కోసారి ఎంత మొత్తమో, ఇలాంటి అక్షరాలే గళ్లుగా మార్చి పెట్టింది. అందుకే కొట్టు ముందున్న క్యూఆర్ మీద మోసగాడు తన స్టిక్కర్ అంటిస్తే డబ్బు వాడికి పోతుంది. స్కాన్ చేసి పిన్ కొట్టగానే మన యాప్ "ఈ ఐడీకి ఇంత పంపాలి" అన్న కోరికను ఎన్‌పీసీఐ (యూపీఐని నడిపే సంస్థ) వ్యవస్థకు పంపుతుంది. అది మన బ్యాంకుని అడుగుతుంది. పిన్ సరైనదైతే బ్యాంకు మన ఖాతాలోంచి తీస్తుంది, అవతలి బ్యాంకు వాళ్ల ఖాతాలో వేస్తుంది. పిన్ అంటే "నా ఖాతాలోంచి తీయండి" అని మన బ్యాంకుకి ఇచ్చే అనుమతి. డబ్బు రావడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు కాబట్టి పిన్ కూడా అక్కర్లేదు.

ఇది మాత్రం హైస్కూల్లో ప్రతి ఒక్కరికీ తెలియాల్సిందే.

ల్యాబ్_అసిస్టెంట్
వాడకం వస్తే చాలన్న మీ మొదటి పోస్టుకి బాబాయ్ పోస్టే జవాబు. ఆ పిల్లాడికి వాడటం బ్రహ్మాండంగా వచ్చు. "పిన్ ఎవరికీ చెప్పొద్దు" అన్న జాగ్రత్త కూడా తెలిసే ఉంటుంది, దాని ప్రకారం ఎవరికీ చెప్పలేదు కూడా. ఆ పిన్ ఏ కంప్యూటర్‌కి వెళ్లి ఏం చేయిస్తుందో తెలిస్తేనే ఆగేవాడు. జాగ్రత్తల జాబితా బట్టీ పట్టిస్తే మోసగాడు రేపు జాబితాలో లేని దారి వెతుక్కుంటాడు.

గణకం
డబ్బు విషయంలో ఒప్పుకుంటాను. ఫోల్డర్ల విషయంలో ఒప్పుకోను, రేపు అవి ఉండకపోవచ్చు.

చాదర్‌ఘాట్_టీచరమ్మ
పిల్లలు, పిల్లలు అంటున్నారు, అందులో అమ్మాయిల సంగతి విడిగా మాట్లాడాలి. నేను ఉర్దూ మీడియం అమ్మాయిల బడిలో పనిచేస్తాను. మా దగ్గర ఫోన్ ఇంటిది, ఉండేది అన్న చేతిలో. రాత్రి అరగంట ఇస్తారు, పక్కన ఒకరు కూర్చుంటారు. టెన్త్ బి అమ్మాయి చెప్పినట్టు రెండు అకౌంట్లు పెట్టి మార్చి చూసే స్వేచ్ఛ వీళ్లకు లేదు.

2023లో అసర్ అనే విద్యా సర్వే వాళ్లు గ్రామాల్లో 14 నుంచి 18 ఏళ్ల వాళ్లని సర్వే చేశారు. దాదాపు 90 శాతం ఇళ్లలో స్మార్ట్‌ఫోన్ ఉంది. వాడటం వచ్చినవాళ్లలో సొంత ఫోన్ ఉన్నవాళ్లు అబ్బాయిల్లో 43.7 శాతం, అమ్మాయిల్లో 19.8 శాతం. అది గ్రామాల లెక్క, కానీ మా వీధుల్లో నాకు కనిపించేది దానికి పెద్ద తేడాగా లేదు. కెలికి చూడనిస్తే కదా లోపలి సంగతి తెలిసేది. పాడు చేస్తావేమో అని చేతిలోంచి లాక్కుంటే ఏ ఆడపిల్లకి తెలుస్తుంది?

టెన్త్_బి_సెక్షన్
టీచర్, నాకూ సొంత ఫోన్ లేదు. రెండో అకౌంట్ మా పిన్ని పాత ఫోన్‌లో ఉంది. దానికి స్క్రీన్ సగం పనిచేయదు కాబట్టి ఎవరూ అడగరు.

అత్తాపూర్_తాతయ్య
ఈ అమ్మాయి చేతిలో సగం స్క్రీన్ ఫోన్ ఉందంటే నాకు మా రోజులు గుర్తొచ్చాయి. ఈసీఐఎల్‌లో పనిచేసి రిటైరయ్యాను. మా ఇంట్లో మా కంపెనీ ఈసీ టీవీ ఉండేది. వెనక మూత తీస్తే బోర్డు మీద ప్రతి భాగమూ కంటికి కనిపించేది. కాలిన రెసిస్టర్ నల్లగా మాడి ఉండేది. కోఠిలో గుజరాతీ గల్లీకి వెళ్లి అలాంటిదే కొనుక్కొచ్చి టంకం వేస్తే బొమ్మ వచ్చేది. పదో తరగతి కుర్రాళ్లు ఆ పని చేసేవాళ్లు.

ఇప్పటి ఫోన్ మూత జిగురుతో అతికించి ఉంటుంది. తీసినా లోపల నల్లటి చిప్పులు, వాటి మీద కంటికి ఆనని అక్షరాలు. వస్తువే తనను తెరవనివ్వకపోతే పిల్లవాడు ఏం నేర్చుకుంటాడు? వాళ్లకు ఆసక్తి లేదని నేననుకోను, తలుపు మూసి ఉంది.

జగదీశ్‌మార్కెట్_స్క్రూడ్రైవర్
తాతగారూ, తలుపు పూర్తిగా మూసి లేదు. అబిడ్స్ జగదీశ్ మార్కెట్లో ఫోన్లు రిపేరు చేస్తాను. జిగురు వేడి గాలికి మెత్తబడుతుంది, పల్చటి ప్లాస్టిక్ రేకుతో లేపితే మూత వస్తుంది. వేసవి సెలవుల్లో పని నేర్చుకోవడానికి హైస్కూలు పిల్లలు నా దగ్గరికి వస్తారు. ముందు వాళ్లకు చచ్చిపోయిన బటన్ ఫోన్ ఇస్తాను.

అందులో వైబ్రేషన్ మోటారు చూపిస్తే వాళ్ల మొహాలు చూడాలి. చిటికెన వేలి గోరు కన్నా చిన్న మోటారు, దాని కడ్డీకి ఒక పక్కకే బరువున్న లోహపు ముక్క. సరిగ్గా మధ్యలో ఉంటే నిశ్శబ్దంగా తిరిగేది. బరువు ఒక పక్కకి ఉంది కాబట్టి తిరిగేటప్పుడు ఫోన్ మొత్తాన్నీ అటూ ఇటూ కొడుతుంది. రెండు వైర్లు బ్యాటరీకి తగిలించి బల్ల మీద వదిలితే గిరగిరా పాకుతుంది. అప్పటిదాకా వైబ్రేషన్ అనేది సెట్టింగుల్లో ఒక గుర్తు. నిరుడు వచ్చిన ఒక అబ్బాయి అరగంట దాన్నే ఆడించి, తర్వాత తనంతట తానే అడిగాడు: "అన్నా, అయితే స్పీకర్లో ఏం కదులుతది?" స్పీకర్ విప్పాం, పొర వెనక తీగచుట్ట, అయస్కాంతం. తర్వాత మైకు. ఎవరూ పాఠం చెప్పలేదు, వాడే ఒకదాని తర్వాత ఒకటి అడుగుతూ పోయాడు.

అత్తాపూర్_తాతయ్య
చాలా సంతోషం నాయనా.

కొంపల్లి_నాన్న
మీరంతా పాత కాలపు దారి చెబుతున్నారు. మా అమ్మాయి చదివే సీబీఎస్‌ఈ స్కూల్లో కృత్రిమ మేధ ఒక సబ్జెక్టుగా ఉంది, తొమ్మిదిలో 2019-20 నుంచే మొదలుపెట్టారు. 2020 జాతీయ విద్యా విధానం ఆరో తరగతి నుంచే కోడింగ్ చెప్పమంది. స్క్రూడ్రైవర్లు కాదు, కోడింగ్ కావాలి ఈ పిల్లలకు. ప్రభుత్వ బడుల్లో కూడా అటల్ టింకరింగ్ ల్యాబులు (పిల్లలు వస్తువులు చేసి చూసుకునే గదులు) ఇచ్చారు కదా, 20 లక్షల దాకా గ్రాంటు. 3డీ ప్రింటర్ కూడా వస్తుంది.

బడిబల్ల
ల్యాబులు మంచివే, మాకు రాలేదు. నాకు తెలిసిన ఒక బడిలో వచ్చింది. సామాను పోతే జవాబు చెప్పాల్సి వస్తుందని గదికి తాళం వేసి ఉంచుతారు, ఇన్‌స్పెక్షన్ రోజున తెరుస్తారు. పిల్లలు చెడగొడితే పర్వాలేదని పైవాళ్లు రాతపూర్వకంగా చెబితే తప్ప ఆ తాళం తీయరు.

మల్కాజిగిరి_అమ్మ
కోడింగ్ గురించి నాదొక మాట. మావాడికి కోడింగ్ క్లాసుకి డబ్బు కట్టి పంపాం. రంగు రంగుల బ్లాకులు జరిపి తెర మీద పిల్లి బొమ్మని నడిపించాడు, సర్టిఫికెట్ వచ్చింది. ఫోన్‌లో యాప్ కూడా అలాంటి ఆదేశాలేనారా అంటే తెలియదన్నాడు. రెండింటికీ సంబంధం ఉందని ఆ క్లాసులో ఎవరూ అనలేదు.

ఇక కృత్రిమ మేధ అంటారా, హోంవర్కంతా దాంతోనే. సోషల్ ప్రాజెక్టుకి హైదరాబాద్ మంచినీళ్ల గురించి రాయమన్నారు. చాట్‌బాట్ చెప్పింది చెప్పినట్టు దించాడు. అందులో ఉస్మాన్ సాగర్, అదే మన గండిపేట చెరువు, కృష్ణా నది మీద ఉందని రాసి ఉంది. గండిపేటకి పిక్నిక్కి వెళ్లొచ్చిన పిల్లాడు! "నువ్వు చూసిందేరా అది" అంటే "కానీ మమ్మీ, అది ఏఐ" అన్నాడు.

అత్తాపూర్_తాతయ్య
ఉస్మాన్ సాగర్ మూసీ మీదమ్మా, 1920లో పూర్తయింది. హిమాయత్ సాగర్ ఈసీ నది మీద, 1927. 1908 మూసీ వరదల తర్వాత విశ్వేశ్వరయ్య గారి ప్రణాళికతో వచ్చినవి. ఉస్మాన్ సాగర్ నీళ్లు పంపు లేకుండా, నేల వాలు పట్టుకునే ఆసిఫ్‌నగర్ ఫిల్టర్ బెడ్లకు వచ్చేవి. అదే కృష్ణా నీళ్లయితే వంద కిలోమీటర్లకు పైగా పంపులతో ఎత్తి తేవాలి. అది కూడా పిల్లలకు టెక్నాలజీయే అని చెప్పాలి మేడం. 1980ల్లో నెదర్లాండ్స్‌లో మొదలైన ప్యాట్ సర్వేల (టెక్నాలజీ అంటే పిల్లలేమనుకుంటారో అడిగేవి) నాటి నుంచీ చాలా దేశాల్లో తేలింది ఇదే, పిల్లలు యంత్రాలనూ పరికరాలనూ చూస్తారు, వాటి వెనక మనిషి చేసిన నిర్ణయాలను చూడరు. వాలు ఎటుందో కొలిచి, కాలువ ఎక్కడ తవ్వాలో తేల్చుకోవడం ఎంత గొప్ప పని!

ల్యాబ్_అసిస్టెంట్
మల్కాజిగిరి అక్కా, మీవాడి మాటలో అసలు చిక్కుంది. చాట్‌బాట్ దగ్గర అన్ని జవాబులూ రాసిపెట్టిన పెద్ద పుస్తకం ఉందని పిల్లలు అనుకుంటారు. లోపల జరిగేది వేరు. లెక్కలేనంత రాతను చూపించి, ఒక మాట తర్వాత ఏ మాట వచ్చే అవకాశం ఎక్కువో దానికి అలవాటు చేస్తారు. హైదరాబాద్, నీళ్లు, కృష్ణా అనే మాటలు కలిసి ఎన్నోసార్లు వస్తాయి కాబట్టి ఉస్మాన్ సాగర్ పక్కన కృష్ణా వచ్చి కూర్చుని ఉండొచ్చు. నిజం చెప్పేటప్పుడూ, తప్పు చెప్పేటప్పుడూ దాని గొంతు ఒకేలా ఉంటుంది. ఇప్పుడు కొన్ని నెట్‌లో వెతికి కూడా చెబుతున్నాయి, అప్పుడు ఎక్కడి నుంచి తెచ్చిందో ఆ లింకు తెరిచి చూడాలి.

కొంపల్లి నాన్నగారూ, ఇంకో మాట. ఐసీఐఎల్ఎస్ అని ఎనిమిదో తరగతి పిల్లలకు కంప్యూటర్, సమాచారం వాడే నేర్పు మీద అంతర్జాతీయ పరీక్ష ఉంది, మన దేశం అందులో లేదు. 2018లో పాల్గొన్న దేశాల్లో పై స్థాయికి చేరింది 2 శాతం మందే. దొరికిన సమాచారం నమ్మదగినదా కాదా అని సొంతంగా తూచగలిగేవాళ్లు ఆ స్థాయిలో ఉంటారు. ఇంటినిండా కంప్యూటర్లున్న దేశాల పరిస్థితి అది.

కొంపల్లి_నాన్న
సబ్జెక్టే పెట్టకుండా ఉండటం కన్నా పెట్టడం నయం కదా. మా అమ్మాయిని అడిగాను, డేటాలో పక్షపాతం గురించి చక్కగా చెప్పింది. అది మీ స్క్రూడ్రైవర్‌తో రాదు.

ల్యాబ్_అసిస్టెంట్
చెప్పగలిగిందంటే వాళ్ల టీచర్‌కి దండం పెట్టాలి. ఆ టీచర్ ఏం చేయించారో కనుక్కుని ఇక్కడ రాయండి, మాకందరికీ పనికొస్తుంది.

కొంపల్లి_నాన్న
అడిగాను. పిల్లల చేత ఆకుల ఫొటోలు తీయించి, వేప ఆకా, చింత ఆకా అని కంప్యూటర్‌కి నేర్పించారట. వేప ఫొటోలన్నీ తెల్ల కాగితం మీద పెట్టి తీశారు, చింతవి నేల మీద. చివరికి తెల్ల కాగితం మీద ఏ ఆకు పెట్టినా వేప అనేసింది. అప్పుడు అర్థమైందంది, అది ఆకుని చూడలేదు, కాగితాన్ని చూసిందని.

చాదర్‌ఘాట్_టీచరమ్మ
ఇది నేను చేయిస్తాను! ఫోన్ ఒక్కటి చాలు, నాదే ఇస్తాను.

జగదీశ్‌మార్కెట్_స్క్రూడ్రైవర్
ఇది కూడా విప్పి చూడటమే కదన్నా. స్క్రూలు లేవు, అంతే.

బడిబల్ల
అన్నీ రాసుకున్నాను. రాబోయే పీరియడ్‌లో సౌండ్ బాక్స్‌తో మొదలుపెడతాను. మా వీధి కొట్టాయన పాతది ఇస్తానన్నాడు. ముగ్గురు పిల్లలు ఫోన్, ఎన్‌పీసీఐ, బ్యాంకు అవుతారు, చీటీల మీద సందేశాలు రాసుకుని ఒకరికొకరు అందిస్తారు. నాలుగో పిల్లాడు మోసగాడు, ఎక్కడ దూరగలడో తనే వెతకాలి. ఆ తర్వాత వారం ఫోన్ విప్పడం, ఆపైన చాదర్‌ఘాట్ టీచర్ గారి బడితో కలిసి ఆకుల పని. ఎందుకు తెలుసుకోవాలని అడిగిన అబ్బాయికి మోసగాడి వేషం ఇస్తున్నాను, వాడికైతే బాగా కుదురుతుంది.

స్క్రూడ్రైవర్ తమ్ముడూ, చచ్చిపోయిన ఫోన్లు కొన్ని దొరుకుతాయా?

జగదీశ్‌మార్కెట్_స్క్రూడ్రైవర్
సంచెడు ఉన్నాయి మేడం, డబ్బులొద్దు. బ్యాటరీలు మాత్రం నేను తీసేసే ఇస్తాను, ఉబ్బినవి పిల్లల చేతిలో ప్రమాదం. మోటారు తిప్పడానికి గడియారం సెల్లు ఒకటి చాలు. చిన్న స్క్రూలు పోకుండా ఒక ప్లేటులో అయస్కాంతం పెట్టుకోమనండి. ఆదివారం తప్ప ఎప్పుడైనా రండి.

వైరుమనిషి
ఫైబర్ ముక్కలు నేను తెస్తాను, కొసలు టేపు చుట్టి ఇస్తా. గాజు పొడి కంటికి తగలకూడదు, వేళ్లలో దిగినా కనిపించదు. తెగిన కొసని పిల్లలు ముట్టుకోకుండా చూడండి.

టెన్త్_బి_సెక్షన్
వైరుమనిషి అన్నా, మా వీధి చివర స్తంభానికి ఒక నల్ల డబ్బా ఉంది, అందులోకి ఒక లావు వైరు వెళ్లి చాలా సన్న వైర్లు బయటికి వస్తున్నాయి. అన్ని ఇళ్లకూ ఒకే తీగ వెలుగు పంచితే, మా ఇంటి వీడియో పక్కింటికి ఎందుకు వెళ్లదు?

వైరుమనిషి
వెళ్తుందమ్మా! ఆ డబ్బాలో స్ప్లిట్టర్ ఉంటే వచ్చే వెలుగు అన్ని ఇళ్లకూ ఒకేలా పోతుంది. ప్రతి ఇంటి పెట్టె తన పేరున్న ముక్కలే తీసుకుని మిగతావి వదిలేస్తుంది, పైగా అవి తాళం వేసి వస్తాయి. ఇళ్ల నుంచి వెనక్కి పంపేటప్పుడు ఒకదానికొకటి గుద్దుకోకుండా ఒక్కో ఇంటికీ తన వంతు టైము ఉంటుంది. ఆ వంతులు ఎవరు పంచుతారో కూడా చెప్పాలంటే పెద్ద కథ. మేడం బడికి వచ్చినప్పుడు నువ్వూ రా, బొమ్మ గీసి చూపిస్తా.